నేలను చూసి మేత వేసుకుందాం



పక్క ఊరిలో ఏపుగా పెరిగిన పశుగ్రాసం మన చేనులో వేస్తే ఒక్కోసారి గిడసబారిపోతుంది. విత్తనం మంచిదే, నీరూ పెట్టాము. అయినా గడ్డి రాలేదు. ఇలాంటప్పుడు ముందుగా చూడవలసినది నేలను. పాలిచ్చే పెద్ద పశువుకు రోజుకు 25 నుండి 30 కిలోల పచ్చిమేత, 5 నుండి 7 కిలోల ఎండుమేత కావాలి. ఇది ఇంట పండకపోతే పాల డబ్బు మేత కొనుగోలుకే పోతుంది.

కోస్గి పరిసరాలలో గ్రానైటు రాయి చివికి ఏర్పడిన ఎర్ర చల్కలు, దుబ్బలు ఉన్నాయి. కొడంగల్, తాండూరు వైపు పోయిన కొద్దీ నల్లరేగడి ఎక్కువగా కనిపిస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఆ ప్రాంతపు పంటే.

పిడికెడు మట్టితో పరీక్ష

మట్టిని తడిపి పిడికిట నొక్కండి. ఉండ కట్టక రాలిపోతే అది ఇసుక దుబ్బ. ఉండ కట్టి, తాడులా పేనితే తెగిపోతే చల్క. తాడు తెగకుండా ఉంగరంలా వంగితే రేగడి.

ఏ నేలకు ఏ మేత?

చల్క, దుబ్బ: ఇవి నీటిని త్వరగా పీల్చి, త్వరగానే వదిలేస్తాయి. సారం కూడా తక్కువ. వర్షాధారంగా స్టైలో గడ్డి, అలసంద వేసుకోవచ్చు. చల్కలో జొన్నతో అలసందను కలిపి వేస్తే పప్పుజాతి మేత కూడా చేతికి వస్తుంది. ఎకరానికి సుమారు 4 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు వేస్తే నేల తడిని మరికొంత కాలం పట్టి ఉంచుతుంది.

నల్లరేగడి: తడిని ఎక్కువ కాలం దాచుకుంటుంది కనుక యాసంగి జొన్నకు అనువైనది. కాని వానకాలంలో నీరు నిలిస్తే వేర్లు కుళ్ళుతాయి. నీరు పోవటానికి కాలువలు తీయాలి.

నీటి వసతి గల లోతైన నేల: నీరు నిలవకపోతే నేపియర్ సంకర గడ్డి, లూసర్న్ బాగా వస్తాయి. నేపియర్ మొదటి కోత 70 రోజుల ప్రాంతంలో వస్తుంది. తరువాత 40-45 రోజులకొకసారి కోసుకోవచ్చు.

చెరువు కింది జవుకు నేల: ఇక్కడ నేపియర్ నిలవదు. పారా గడ్డి వేయాలి. కొద్దిపాటి చౌడును కూడా ఇది తట్టుకుంటుంది. ఎండాకాలం తెల్లని పొర తేలే చౌడులో ముందు మట్టి పరీక్ష చేయించి, సలహా ప్రకారమే జిప్సం వాడాలి.

జొన్న విషయంలో జాగ్రత్త

చల్కలో వాన మొహం చాటేస్తే జొన్న ముందుగా వాడుతుంది. వాడిన లేత జొన్నలోను, కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలకలలోను విషం పెరుగుతుంది. దీనినే మన పెద్దలు నాము అంటారు. ఇది తిన్న పశువు కొద్ది నిమిషాలలోనే ఆయాసపడి, వణికి, కింద పడిపోవచ్చు. గిడసబారిన జొన్నలోకి పశువులను వదలకండి. పూత దశ వచ్చిన తరువాతనే పచ్చిజొన్న కోసి వేయండి. పండి బాగా ఎండిన చొప్పలో ఈ ప్రమాదం చాలా తక్కువ. లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి. సకాలంలో సూది పడితే పశువు బ్రతికే అవకాశం ఉంటుంది. బర్రె పోతే ఆ ఇంటికి పాల ఆదాయమే పోయినట్లు.

మట్టి నమూనా

చేనులో 8, 10 చోట్ల ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట పక్కనుండి మట్టి గీకి తీయండి. అంతా కలిపి అరకిలో గుడ్డసంచిలో వేసి పరీక్షకు పంపండి. పెంటకుప్ప దగ్గర, చెట్టు నీడన తీయకండి. చల్క, రేగడి రెండూ ఉన్న చేనులో రెండు నమూనాలు వేరుగా తీయాలి.

ఈ వానకాలానికి ముందే ప్రతి సభ్యుడు తన నేలను గుర్తించి, కనీసం కొన్ని గుంటలైనా దానికి తగిన మేతకు కేటాయించాలని కోరుతున్నాము.