సటైవా అంటే ఏమిటి?

తమ్ముళ్ళూ, వరి శాస్త్రీయ నామం ఒరైజా సటైవా. మేము డిగ్రీలో ఎన్నిసార్లు వల్లె వేశామో! 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. సటైవా లాటిన్ విశేషణం. విత్తడం అనే అర్థమున్న ‘సెరెరె’ క్రియ నుంచి పుట్టింది. అంటే తనంతట మొలిచింది కాదు, మనిషి విత్తి పెంచింది. అమృతలూరు చేలల్లో మన నాన్నలు నారుమడిలో చల్లే విత్తనాలు, అమ్మలు వేసే నాట్లు ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మార్కు పోయేది చివరి అక్షరం దగ్గరే. తెలుగులో ‘మంచి’ మారదు: మంచి అన్న, మంచి అక్క, మంచి పుస్తకం. లాటిన్ విశేషణం మాత్రం నామవాచకం లింగాన్నిబట్టి మారుతుంది, మన గుణవంతుడు, గుణవతి లాగా. ఒరైజా స్త్రీలింగం, అందుకే సటైవా. కీరదోస కుకుమిస్ పుంలింగం, కనుక సటైవస్. వెల్లుల్లి ఆలియమ్, కొత్తిమీర కొరియాండ్రమ్ నపుంసకలింగం, కాబట్టి సటైవమ్. బఠాణీ పేరు పైసమ్, అదీ నపుంసకలింగమే. దాని పక్కన ఏది రాయాలో ఇక మీరే చెప్పండి.