పిస్టన్లు మారిస్తే పవర్ వస్తుందా?

ప్రశ్న: నా 2011 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐలో ఒక సిలిండర్ కంప్రెషన్ పడిపోయింది. ఇంటి గరాజ్‌లోనే ఇంజన్ విప్పి, పవర్ పెరిగేలా మళ్లీ బిగించుకోవచ్చా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: బిగించుకోవచ్చు, కానీ పనంతా ఇంట్లో తెమలదు. ఈ 2.5 లీటర్ల టర్బో ఇంజన్‌లో కంపెనీ పిస్టన్లు పోత పోసినవి. నాకింగ్ వస్తే రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు చిట్లిపోతుంది. మీ బండిలోనూ అదే జరిగి ఉండొచ్చు. పిస్టన్ బయటికి తీశాక ఆ గట్టును గోటితో తడిమి చూడండి.

ఈసారి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయండి. అవి వేడికి ఎక్కువ సాగుతాయి కాబట్టి సిలిండర్ గోడకూ వాటికీ మధ్య ఖాళీ కూడా ఎక్కువ కావాలి. ఆ ఖాళీకి తగ్గట్టు గోడను అరగదీసే హోనింగ్‌ను టార్క్ ప్లేట్ బిగించి చేసే మెషిన్ షాపుకే ఇవ్వండి.

రింగ్ గ్యాప్ మాత్రం మీరే ఓపిగ్గా చూసుకోవచ్చు. రింగును సిలిండర్‌లోకి దించి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో కొలవండి. పిస్టన్ల కంపెనీ ఇచ్చిన కొలత వచ్చేదాకా రింగు కొనకు కొద్దికొద్దిగా ఆకురాయి పెట్టండి. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొనలు ఒకదానికొకటి తగిలి సిలిండర్‌ను గీరేస్తాయి. ఆయిల్ పికప్ ట్యూబ్ కూడా మార్చేయండి, పాతవి పగిలిన సందర్భాలున్నాయి.

ఇంత చేసినా పిస్టన్ల వల్ల పవర్ పెరగదు, తట్టుకునే శక్తి పెరుగుతుంది. పవర్ వచ్చేది బూస్ట్, ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్‌లను పవర్ కొలిచే డైనోపై సరిచేసినప్పుడే. పవర్ కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయమని ఎవరైనా అంటే వినకండి, అమెరికా చట్టం ఒప్పుకోదు. ట్యూనింగ్‌కు డబ్బు సిద్ధంగా లేకపోతే ఇప్పుడే ఇంజన్ విప్పకండి.