మామిడి తురుము పచ్చడి - సీసాలోని సైన్సు



జూన్‌లో హాస్టలు తెరిచిన రోజున ఎవరి ట్రంకు పెట్టె మూత తీసినా ముందు వచ్చేది పచ్చడి వాసనే. ఈ సంచికకు సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు తోచిన విషయం అదే. నవ్వకండి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చదివిన దానిలో నాకు బాగా అర్థమైన పాఠాల్లో ఇదొకటి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మ మిరప కోత కూలి డబ్బులతో బెల్లం, నూనె కొని, తీపి తురుము పచ్చడి పెట్టి పంపింది. నాలుగో వారానికి పైన తెల్లటి బూజు పట్టింది. పైపైన తీసేసి రెండు రోజులు తిన్నాను, కడుపునొప్పి వచ్చింది. మిగిలింది గోడ వెనుక పారబోశాను. దసరా సెలవుల్లో అమ్మ అడిగితే "అయిపోయిందమ్మా, అందరూ బాగుందన్నారు" అని చెప్పాను.

ఇక పచ్చడి పెట్టే పద్ధతి. తెలంగాణ మిత్రులు దీన్ని తొక్కు అంటారు. గట్టిగా, పుల్లగా ఉన్న నాటు కాయలు తీసుకోవాలి. కలెక్టరు కాయలో పులుపు తక్కువ. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే చెక్కు తీయాలి. 1 కిలో తురుముకు 100 గ్రాముల ఉప్పు, అర చెంచా పసుపు కలిపి ఒక రాత్రి ఉంచండి. తెల్లవారి చూస్తే తురుము నీటిలో తేలుతూ ఉంటుంది. మనం చుక్క నీరు పోయలేదు. మరి ఎక్కడిది?

ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుందని, ఉబ్బిన దాన్ని చిక్కటి చక్కెర ద్రావణంలో వేస్తే ముడుచుకుంటుందని బడిలో చదువుకున్నాం కదా. ద్రవాభిసరణం అంటే అదే. కాయ కణాల్లోని నీటిని ఉప్పు బయటికి లాగింది. బూజు కణం పచ్చడిలో పడ్డా దానికీ ఇదే గతి. దాని ఒంట్లోని నీరే బయటికి పోతుంది, అది పెరగలేదు.

తర్వాత 750 గ్రాముల బెల్లం పొడి కలిపి, వెడల్పాటి గాజు లేదా పింగాణీ పాత్రలో పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. అల్యూమినియం, ఇత్తడి వద్దు; పులుపులోని ఆమ్లం లోహాన్ని తింటుంది. సాయంత్రం లోపలికి తెచ్చి పొడి గరిటెతో కలపాలి. మంచి ఎండ అయితే మూడు నాలుగు రోజుల్లో పాకం చిక్కబడి, వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. అప్పుడు 80 గ్రాముల కారం, చెంచాడు వేయించిన మెంతిపొడి కలిపి, 150 గ్రాముల నువ్వుల నూనెలో ఆవాలు, ఇంగువ పోపు పెట్టి, చల్లారాక పోయాలి. వేడి నూనె పోస్తే కారం మాడి రంగు పోతుంది.

తీగ పాకం వచ్చేదాకా ఎందుకు ఆగాలంటే, ఒక పదార్థంలో సూక్ష్మజీవులకు అందే నీటిని 0 నుండి 1 వరకు కొలుస్తారు. దీన్ని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి 1. 0.91 కంటే తగ్గితే ఆహారాన్ని చెడగొట్టే బాక్టీరియాలో చాలా భాగం పెరగవు. బూజులు మాత్రం మొండివి, 0.80 వరకు కూడా చాలా రకాలు బతుకుతాయి. ఉప్పు, బెల్లం, ఎండ కలిసి ఆ అంకెను కిందికి దించుతాయి. పులుపు తోడు ఉండనే ఉంది. పైన నిలిచే నూనె గాలిని ఆపుతుంది. బూజుకు గాలి కావాలి.

మరి నా సీసా ఎందుకు చెడింది? మనం కంచం కడుక్కుని, ఆ తడి చేత్తోనే సీసాలో వేళ్ళు పెడతాం. ఒక్కడు కాదు, పక్క మంచాల వాళ్ళందరూ! ప్రతి చేతితో కొన్ని చుక్కలు. ఆ చుక్కలు పడిన చోట ఉప్పు, బెల్లం పలచనై, అంత మేరకు బూజుకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే. ఒకసారి బూజు కనిపిస్తే పైది గీకి తినకండి. దాని దారాలు కంటికి కనబడకుండా లోపలికి దిగి ఉంటాయి. పారేయడమే.

ఇంకొక మాట. పచ్చడి ఉందని కూర మానకండి. ఒక చెంచా పచ్చడిలో సుమారు 1 గ్రాము ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజంతటికీ 5 గ్రాముల లోపే అంటున్నది.

పోయిన వేసవిలో అమ్మతో కలిసి పచ్చడి పెడుతూ ఈ నీటి క్రియాశీలత అంతా వివరించి, చివరికి ఎనిమిదో తరగతి నాటి అబద్ధం కూడా ఒప్పుకున్నాను. అమ్మ గరిటె ఆపలేదు. "అప్పుడే తెలుసు లేరా. నువ్వు తెచ్చిన ఖాళీ సీసా మూత తీయగానే బూజు వాసన కొట్టింది. అందుకే మరుసటేడు రెండు చిన్న సీసాలు ఇచ్చి, ఒకటి అయ్యేదాకా రెండోది తీయొద్దన్నా" అంది.