విద్యార్థి వేతనం: మనం తెలుసుకోవలసిన సంగతులు



పన్నెండవ తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో సంతోషం, దాని వెంటనే కాలేజీ ఫీజుల దిగులు మొదలవుతాయి. "మంచి మార్కులు వచ్చాయి, స్కాలర్‌షిప్ అదే వస్తుంది" అని కొందరు, "పరాయి రాష్ట్రంలో మనకెవరిస్తారు?" అని మరికొందరు ఊరకుంటారు. ఇద్దరి బిడ్డలూ నష్టపోతారు. కనుక కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకిచ్చే ప్రతిభా వేతనాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ పాఠం నేర్చుకుందాం.

1. ప్రతిభను ఎలా లెక్కిస్తారు?

విద్యార్థి 80వ పర్సంటైల్ దాటాలి. దీనిని 80 శాతం మార్కులనుకుని చాలామంది వెనుకాడతారు. తమ బోర్డులో, తమ గ్రూపులో ఉత్తీర్ణులైన ప్రతి 100 మందిలో పై 20 మందిలో ఉండాలని దీని అర్థం. తమిళనాడు బోర్డులో చదివిన బిడ్డను ఆ బోర్డు వారితోనే, కర్ణాటక బోర్డులో చదివిన బిడ్డను ఆ బోర్డు వారితోనే పోలుస్తారు. ఇంట్లో మాట్లాడే భాషతో పనిలేదు. అయితే దేశమంతటికీ ఏటా కొత్తగా ఇచ్చేవి 82,000 మాత్రమే. వాటిలో సగం ఆడపిల్లలకు.

2. ఆదాయం సంగతి

మార్కులొక్కటే చాలవు. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల రూపాయలు మించరాదు. ఆదాయ ధృవీకరణ పత్రంలో ఉన్నది ఉన్నట్టే చూపాలి.

3. ఎంత ఇస్తారు?

డిగ్రీలో మొదటి 3 సంవత్సరాలు ఏటా 12,000 రూపాయలు, పి.జి.లో ఏటా 20,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఏటా పునరుద్ధరించుకోవాలి. అందుకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఫీజంతా దీనితో తీరదు గాని పుస్తకాలకు, బస్సు ఖర్చులకు ఆసరా అవుతుంది.

4. దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది?

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పంపగానే పని ముగియదు. కాలేజీ వారు దానిని సరిచూసి పైకి పంపాలి. గడువులోగా కాలేజీ ఆఫీసుకు వెళ్ళి అడగాలి. మనవారికి మరొక చిక్కు పేర్లతో వస్తుంది. మార్కుల జాబితాలో తండ్రి పేరు ఇనీషియల్‌గా, ఆధార్‌లో ఇంటిపేరుతో, బ్యాంకులో బాప్తిస్మపు పేరుతో ఉంటే ఒకే బిడ్డ ముగ్గురుగా కనబడుతుంది. పరీక్షలకు ముందే వీటిని సరిచేయించుకోవాలి.

5. స్వస్థలం పత్రాలు చెల్లుతాయా?

రాష్ట్ర ప్రభుత్వాల వేతనాలకు నియమాలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం బొంబాయిలో స్థిరపడగా, వారి కుమారుడు ఆ హోదాతో మహారాష్ట్రలో మెడికల్ సీటు కోరాడు. ఆ హోదా అక్కడ వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక తాతల ఊరి నుండి తెచ్చిన కుల పత్రం మీద ఆశ పెట్టుకోక, ఉన్న రాష్ట్రంలో నియమమేమిటో ముందే విచారించాలి.

మన సంఘాలలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, కంప్యూటర్ తెలిసిన యౌవనస్థులు ఉన్నారు. ఫలితాల తరువాత ఒక ఆదివారం సాయంకాలం వారు కూర్చుంటే, చదువురాని తల్లిదండ్రుల బిడ్డలు ఒక సంవత్సరం పోగొట్టుకోరు.

చర్చించుకొనుటకు ప్రశ్నలు:

1. 80 శాతానికి, 80వ పర్సంటైల్‌కు తేడా ఏమిటి?
2. మన బిడ్డల పేర్లు అన్ని పత్రాలలో ఒక్కటిగా ఉన్నాయా?
3. ఈ ఏడు మన సంఘంలో పన్నెండవ తరగతి వ్రాసేవారెవరు? వారికి తోడుగా కాలేజీ ఆఫీసుకు ఎవరు వెళ్తారు?