పోటీ పరీక్షల ప్రత్యేకం: వేరుశనగ రక్షణ రసాయనం, బూజు విషం

ఐసోఫ్లేవోన్లు అనగానే సోయా గుర్తొస్తుంది. జెనిస్టీన్, డైడ్జీన్ అందులోవే. ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు అతుక్కోగలవు కనుక వీటిని ఫైటోఈస్ట్రోజెన్లు అంటారు. అనంతపురం మెట్టలో రాజ్యం మాత్రం వేరుశనగది. దీని ప్రధాన రక్షణ రసాయనం రెస్వెరట్రాల్ అనే స్టిల్బీన్. రెండింటికీ ముడిసరుకు ఒకటే: కూమరాయిల్ కోఎంజైమ్-ఎ, మలోనైల్ కోఎంజైమ్-ఎ. ఐసోఫ్లేవోన్ల దారిలో చాల్కోన్ సింథేజ్, రెస్వెరట్రాల్ దారిలో స్టిల్బీన్ సింథేజ్ పనిచేస్తాయి. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

బూజు దాడి చేస్తే మొక్క తయారుచేసుకునే ఇలాంటి పదార్థాలు ఫైటోఅలెక్సిన్లు. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే గింజలో తేమ తగ్గి వాటి తయారీ కుంటుపడుతుంది, ఎర్రనేల వేడెక్కుతుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు అదే అదను. అది వదిలే అఫ్లాటాక్సిన్ బి1 కాలేయ క్యాన్సర్ కారకం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాక ఈ విషం బయటపడింది. వాటి దాణాలో బ్రెజిల్ వేరుశనగ చెక్క ఉంది. అతినీలలోహిత కాంతిలో బి రకాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. వేయించినా విషం పూర్తిగా పోదు. నూనె తీసినప్పుడు ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలో ఎం1గా తేలుతుంది. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు.

గుప్పెడు పల్లీల్లో రెస్వెరట్రాల్ చాలా స్వల్పం, గుండెకు మందన్న ప్రచారం అతిశయోక్తే. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన రకాల్లో కదిరి-6, కదిరి లేపాక్షి పేర్లు గుర్తుంచుకోండి. కదిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.