తంబోలా చీటీలో మూలకాలు

సందేహాలు - సమాధానాలు: రసాయన శాస్త్రం

ప్రశ్న: సూరత్ కార్పొరేషన్ బడిలో తెలుగు మాధ్యమం పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఎక్కువమంది పవర్‌లూమ్ కార్మికుల పిల్లలే. మూలకాల సంకేతాలు ఎంత వల్లె వేయించినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు. ఆటగా నేర్పే దారి ఉందా?
- ఉపాధ్యాయిని, లింబాయత్

జవాబు: ఉందమ్మా. తంబోలా చాలు. దాని బిళ్లల మీద 1 నుంచి 90 దాకా అంకెలుంటాయి కదా, వాటినే పరమాణు సంఖ్యలనుకోండి. 1 హైడ్రోజన్, 90 థోరియం. అన్నీ ఒక్కసారే దించకండి. కాల్షియం దాకా మొదటి 20, వాటికి తోడు ఇనుము (26), రాగి (29), జింకు (30), వెండి (47), తగరం (50), బంగారం (79), పాదరసం (80), సీసం (82). ఈ 28 బిళ్లలే సంచిలో వేయండి. పిల్లలు తొమ్మిది గళ్ల చీటీ గీసుకుని, వీటిలో నచ్చిన తొమ్మిది సంకేతాలు రాసుకుంటారు.

బిళ్ల తీశాక అంకె చదవకండి, పేరూ చెప్పకండి. ఆనవాలు చెప్పండి. "అసలు జరీలో బంగారు పూత కింద ఉండే తీగను" అంటే వెండి. "నకిలీ జరీలో ఆ తీగ చోటు నాది" అంటే రాగి. "వరాఛాలో సానపట్టే వజ్రమంతా నేనే" అంటే కార్బన్. ఎవరికీ తట్టకపోతే అప్పుడు పరమాణు సంఖ్య చెప్పండి.

వల్లె వేసేటప్పుడు నోరు ఆడుతుందే గానీ, గుర్తు తెచ్చుకునే శ్రమ ఉండదు. ఇక్కడ ఆనవాలు విని పేరు, పేరును బట్టి సంకేతం, రెండూ పిల్లలే వెతుక్కోవాలి. నిలిచేది ఆ వెతుకులాట వల్లే.

ప్రశ్న: మా అబ్బాయి సోడియానికి ఎస్, పొటాషియానికి పి అని రాస్తున్నాడు. ఎలా మాన్పించాలి?
- ఒక తండ్రి, ఉధ్నా

జవాబు: ఆ అక్షరాలు గంధకం, భాస్వరం ఎప్పుడో తీసేసుకున్నాయని ముందు చెప్పండి. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 1813-14లో అక్షర సంకేతాలు ప్రతిపాదించినప్పుడు లాటిన్ పేర్లను ఆధారం చేసుకున్నాడు. సోడియం నేట్రియం గనుక ఎన్‌ఏ, పొటాషియం కేలియం గనుక కె. ఇంగ్లీషు పేరుతో పొసగని సంకేతాలు మొత్తం 11. ఆ రెండూ పోగా ఇనుము, రాగి, వెండి, తగరం, ఆంటిమొనీ, టంగ్‌స్టన్, బంగారం, పాదరసం, సీసం. పేర్లు 11 చీటీల మీద, సంకేతాలు మరో 11 మీద రాసి బోర్లించండి. రెండేసి తిప్పుతూ జోడీ కలపాలి. అన్నం తినే ముందు ఒక్క ఆట చాలు.

ప్రశ్న: సంకేతంలో రెండో అక్షరం పెద్దది రాశానని మా సార్ మార్కు తీసేశారు. అంత పట్టింపు ఎందుకండీ?
- తొమ్మిదో తరగతి విద్యార్థి, దిండోలి

జవాబు: మీ సార్ చేసింది సబబే, బాబూ. పెద్ద సి పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్ట్. ఫోన్ బ్యాటరీల్లో వాడే లోహం. అదే ఓ పెద్దదైతే కార్బన్ మోనాక్సైడ్, ప్రాణం తీసే విషవాయువు. తంబోలాలో "జల్దీ ఫైవ్" అని అరిచినవాళ్లు ఆ అయిదు సంకేతాలూ బోర్డు మీద రాసి చూపాలని నియమం పెట్టమనండి. ఒక్క అక్షరం తప్పినా బోగీ!

ప్రశ్న: ఇంట్లో వెండి, బజారులో చాందీ, పుస్తకంలో సిల్వర్. ఏ పేరుతో నేర్పాలి?
- ఒక తల్లి, లింబాయత్

జవాబు: ఆటలో ఏ పేరు చెప్పినా ఒప్పుకోండి. రాయడానికి మాత్రం ఏజీ ఒక్కటే. రేపు మీ పాప గుజరాతీ మాధ్యమంలో చేరినా, వరంగల్ వెళ్లి చదివినా సంకేతం మారదు. నాలుగైదు ఆటలయ్యాక ఆనవాళ్లు పిల్లల చేతే రాయించండి. మంచి ఆనవాలు కట్టగలిగిన పిల్లకు ఆ మూలకం వచ్చేసినట్టే.