ఎత్తిపోతల అంటే ఏ ఎత్తిపోతల? మా మొదటి పేపర్ వెనక్కి వచ్చిన కథ

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను ఎత్తిపోతల వ్యూ పాయింట్ దగ్గర నిలబడి మొక్కజొన్న పొత్తు తింటున్నాను. సెలవులకి మాచర్ల వెళ్తే మామయ్య బండి మీద తీసుకొచ్చాడు. అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మెయిల్ సగమే తెరుచుకుంది కానీ, ఆ సగంలోనే విషయం అర్థమైపోయింది. మా పేపర్ తీసుకోలేదు.

"ఏందిరా, మొహం అట్టా పెట్టావు?" అన్నాడు మామయ్య.

"పేపర్ కొట్టేశారు మామయ్యా. మన ఊళ్ల పేర్లు కంప్యూటరుకి అర్థమయ్యేలా చేద్దామని మేం ముగ్గురం ఆరు నెలలు కూర్చుని చేసింది."

"ఏదీ, చూపించు."

ఫోన్‌లో ఉన్న డేటా తెరిచి, ఎదురుగా ఉంది కదా అని ఎత్తిపోతల వరుసే చూపించాను. పల్నాడు జిల్లా, చంద్రవంక, 70 అడుగుల ఎత్తు. అంతవరకు బాగానే ఉంది. తర్వాతి గడిలో "రకం: సాగునీటి పథకం" అని ఉంది. మామయ్య ఒకసారి జలపాతం వైపు, ఒకసారి ఫోన్ వైపు చూసి పగలబడి నవ్వాడు.

"ఇదేందిరా! మీ కంప్యూటరు జలపాతానికి మోటర్లు బిగించింది?"

ఇంటికొచ్చాక మెయిల్ పూర్తిగా చదివితే రెండో రివ్యూయర్ అడిగిందీ అదే. కాకపోతే ఆయన నవ్వలేదు. "ఈ లింకులు సరైనవని మీరెలా తేల్చుకున్నారు?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న నుంచి మేం నేర్చుకున్నది మన క్లబ్బులో పేపర్ రాద్దామనుకునే వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు అసలు విషయం: సెమాంటిక్ వెబ్ అంటే?

2001 మే నెలలో టిమ్ బెర్నర్స్ లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసీలా కలిసి సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వెబ్‌లో ఉన్న సమాచారాన్ని మనుషులు చదువుకోవడమే కాదు, యంత్రాలు కూడా అర్థం పట్టుకుని వాడుకోగలగాలి అన్నది అందులోని ఆలోచన. దీనికి పునాది ఆర్‌డీఎఫ్. ఇందులో ప్రతి విషయాన్నీ మూడు ముక్కల వాక్యంగా చెప్తాం. "ఎత్తిపోతల – రకం – జలపాతం". "ఎత్తిపోతల – ఉన్న జిల్లా – పల్నాడు". అంతే.

అయితే ఆ మొదటి ముక్కలో పేరు రాస్తే సరిపోదు. పేర్లు కలిసిపోతాయి. అందుకే ప్రతి వస్తువుకీ ఒక గుర్తింపు చిరునామా ఇస్తారు. దాన్నే యూఆర్ఐ అంటారు. వికీడేటా 2012 నుంచి చేస్తున్నది ఇదే. అక్కడ తెలుగు భాషకి క్యూ 8097 అనే సంఖ్య ఉంది. ఏ భాషలో ఏ పేరుతో పిలిచినా ఆ సంఖ్య మారదు. మన హాల్ టికెట్ నంబరు లాగా అనుకోండి. క్లాసులో నలుగురు సాయిలున్నా మార్కులు కలవవు.

ఇప్పుడు మా ఎత్తిపోతల సంగతి చూడండి. తెలుగులో "ఎత్తిపోతల" అంటే నీళ్లు పైకెత్తి పోయడం. పట్టిసీమ, కాళేశ్వరం, కల్వకుర్తి అన్నీ ఎత్తిపోతల పథకాలే. ఇక్కడి జలపాతం పేరు మాత్రం "యతి తపోతలం" నుంచి వచ్చిందని, ఇక్కడ యతులు తపస్సు చేసుకునేవారని స్థానికంగా చెప్తారు. అంటే ఒకచోట నీళ్లు కిందికి దూకుతాయి, ఇంకోచోట నీళ్లని పైకి తోడతారు. రెంటికీ అక్షరాలు మాత్రం ఒకటే.

పోనీ జిల్లా పేరు చూసి విడదీద్దామా అంటే అదీ కుదరదు. పల్నాడులోనే వరికపూడిశెల ఎత్తిపోతల పథకం ఉంది. 2023 నవంబరులో దాని శంకుస్థాపన జరిగింది కూడా మాచర్లలోనే. కాబట్టి "పల్నాడు", "మాచర్ల", "ఎత్తిపోతల" మూడూ ఒకే వార్తలో కనిపిస్తే అది జలపాతమో పథకమో యంత్రం ఎలా చెప్తుంది? మా ప్రోగ్రామ్ చెప్పలేకపోయింది. అక్షరాలు కలిశాయి కదా అని రెంటినీ ఒకటే చేసేసింది.

మేం చేసిన అసలు తప్పు

ఆ ఒక్క పొరపాటుతో ఆగలేదు. రెండు రికార్డులు ఒకే వస్తువువి అని చెప్పడానికి ఓడబ్ల్యూఎల్ అనే భాషలో "సేమ్ యాజ్" అనే సంబంధం ఉంది. పేర్లు కలిసిన ప్రతిచోటా మేం దాన్ని పెట్టుకుంటూ పోయాం. అది చాలా గట్టి మాట అని అప్పుడు తెలియదు. "అ", "ఆ" ఒకటే అని ఒకసారి చెప్తే, "అ" గురించి తెలిసినవన్నీ "ఆ"కి, "ఆ" గురించినవన్నీ "అ"కి అంటుకుంటాయి. జలపాతానికి మోటర్లు వచ్చింది అలాగే.

ఇది మా ఒక్కళ్ల తప్పు కాదని తర్వాత తెలిసింది. 2010లో షాంఘైలో జరిగిన అంతర్జాతీయ సెమాంటిక్ వెబ్ సదస్సులో, అంటే ఐఎస్‌డబ్ల్యూసీలో, సరిగ్గా ఈ "సేమ్ యాజ్" దుర్వినియోగం మీదే ఒక పేపర్ వచ్చింది. పంపేముందు దాన్ని చదివి ఉంటే మా పేపర్ వేరేలా ఉండేది. మొదటి పాఠం ఇదే: మీరు పంపబోయే సదస్సులో గత నాలుగైదేళ్లలో మీ విషయం మీద ఏం వచ్చాయో చదవకుండా ఒక్క పేరా కూడా రాయకండి.

ఎక్కడికి పంపాలి?

ఐఎస్‌డబ్ల్యూసీ మొదటిసారి 2002లో ఇటలీలోని సార్డీనియా దీవిలో జరిగింది. యూరప్‌లో ఈఎస్‌డబ్ల్యూసీ ఉంది, అది 2004లో గ్రీసులోని క్రీట్ దీవిలో మొదలైంది. ఇవి కాక, అన్ని రకాల వెబ్ పరిశోధనలకూ పెద్దదైన వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు ఉంది. ఇది ఎక్కడో దూరదేశాల వ్యవహారం అనుకునేవాళ్లకి ఒక మాట: 2011లో మార్చి 28 నుంచి ఏప్రిల్ 1 వరకు ఆ సదస్సు జరిగింది మన హైదరాబాద్‌లోనే.

ఈ సదస్సుల్లో పేపర్లన్నీ ఒక గాటన కట్టరు. కొత్త పద్ధతి కనిపెడితే రీసెర్చ్ ట్రాక్. మంచి డేటాసెట్ తయారుచేసి అందరికీ ఇస్తే రిసోర్స్ ట్రాక్. నిజమైన పనిలో వాడి చూపిస్తే ఇన్ యూజ్ ట్రాక్. చిన్న పని, ఇంకా నడుస్తున్న పని అయితే పోస్టర్లు, డెమోలు. బీటెక్ వాళ్లకి పోస్టరో, సదస్సుతో పాటు జరిగే వర్క్‌షాపో సరైన మొదటి మెట్టు. మేం డేటాసెట్ తయారుచేసి, దాన్నేదో కొత్త పద్ధతిలాగా రాసి పంపాం. రివ్యూయర్లు పద్ధతి కోసం వెతికారు, అది కనపడలేదు.

మళ్లీ ఎలా రాశాం

మొదట, చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో రాసుకున్నాం. పాత పేపర్లో అది "తెలుగు ఊళ్ల పేర్లకు సెమాంటిక్ వెబ్ అవసరం". దీన్ని ఎవరూ కాదనరు, కాబట్టి ఇందులో చెప్పిందేమీ లేదు. కొత్తది ఇది: "పేరుతో పాటు చుట్టూ ఉన్న మాటల్ని, విభక్తుల్ని చూస్తే తెలుగు ఊళ్ల పేర్లలో తప్పు లింకులు తగ్గుతాయి". దీన్ని పరీక్షించొచ్చు. తప్పని తేలొచ్చు కూడా. అలా తేలే వీలున్నదే పరిశోధన అని మా మేడం అంటారు.

రెండోది, చేత్తో చూసిన నమూనా. డేటాలోంచి కొన్ని వరుసల్ని యాదృచ్ఛికంగా తీసి, ఇద్దరం ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా సరైన లింకు ఏదో గుర్తించాం. ఇద్దరి జవాబులూ ఎంతవరకు కలిశాయో కోహెన్ కప్పాతో లెక్కగట్టాం. గుడ్డిగా గుర్తుపెట్టినా కొన్ని ఎలాగూ కలుస్తాయి కదా, ఆ భాగం తీసేసి నిజమైన ఏకాభిప్రాయం ఎంతో ఇది చెప్తుంది. కలవని చోట్ల మూడోవాడితో కూర్చుని తేల్చాం.

మూడోది, పోలిక. మా ప్రోగ్రామ్ ఇచ్చిన లింకుల్లో ఎన్ని సరైనవి, రావాల్సిన లింకుల్లో ఎన్ని వచ్చాయి అనే రెండు లెక్కలూ వేశాం. ఉత్త పేరు పోల్చే పాత పద్ధతికి కూడా అవే లెక్కలు వేసి పక్కన పెట్టాం. పోల్చడానికి ఏదీ లేకపోతే "బాగా పనిచేసింది" అన్న మాటకి విలువ లేదు.

మన భాషే మన బలం అని తెలిసింది ఇక్కడే. "పల్నాడు" వాక్యంలోకి వస్తే "పల్నాటి" అయిపోతుంది. యంత్రానికి అది వేరే మాట. మాకు "పేట" అంటే నరసరావుపేట, చిలకలూరిపేట వాళ్లకి వాళ్ల ఊరే పేట. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది కాబట్టి, అంతకుముందు వార్తల్లో ఎత్తిపోతల గుంటూరు జిల్లాలో ఉంటుంది. అది తప్పు కాదు, అప్పటికి నిజం. వికీడేటాలో "ఎప్పటి నుంచి", "ఎప్పటి వరకు" అని ఒక వాక్యానికి తేదీలు తగిలించే వీలుంది. మేం మొదటిసారి పాత జిల్లాని చెరిపేసి కొత్తది రాశాం. రెండోసారి రెండూ ఉంచి తేదీలు పెట్టాం. ఇంగ్లీషులో రాసే రివ్యూయర్‌కి ఇవన్నీ కొత్త సంగతులు. మనకి రోజూ నోట్లో ఆడే మాటలు.

అయినా లొంగనివి కొన్ని మిగిలాయి. "నీళ్లు లేక ఎత్తిపోతల వెలవెలబోయింది" అన్న శీర్షిక ఒక్కటే ఇస్తే జలపాతమో పథకమో నేనూ చెప్పలేను. అలాంటివి దాచకుండా "మా పద్ధతి ఓడిపోయిన చోట్లు" అని ఒక భాగం పెట్టాం.

పంపే రోజు జాగ్రత్తలు

సదస్సు పిలుపుని కనీసం మూడుసార్లు చదవండి. పేజీల పరిమితి దాటితే, అడిగిన నమూనాలో లేకపోతే, రివ్యూయర్ దాకా వెళ్లకుండానే వెనక్కి పంపేయొచ్చు. ఐఎస్‌డబ్ల్యూసీ, ఈఎస్‌డబ్ల్యూసీ పేపర్లకి స్ప్రింగర్ వాళ్ల ఎల్ఎన్‌సీఎస్ నమూనా వాడతారు. పేర్లు దాచి పంపమన్నారా లేదా అన్నది ట్రాక్‌ని బట్టి మారుతుంది. దాచమంటే మొదటి పేజీలోనే కాదు, గిట్‌హబ్ లింకులోనూ మీ పేరు కనపడకూడదు. డేటాకి శాశ్వత చిరునామా, లైసెన్సు ఉండాలి. మేం జెనోడోలో పెట్టాం. కాలేజీ సర్వర్లో పెడితే మనం పాసైపోగానే అదీ పోతుంది.

చాలాచోట్ల సారాంశానికి ఒక గడువు, పూర్తి పేపర్‌కి ఇంకో గడువు ఉంటాయి. మొదటిది తప్పితే రెండోది లేదు. గడువు పక్కన "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని ఉంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా మిగిలి ఉన్నంతసేపూ టైముందని అర్థం. మన లెక్కలో మర్నాడు సాయంత్రం 5:29 వరకు. అలాగని 5:28 వరకు ఆగకండి, హాస్టల్ వైఫై సంగతి తెలిసిందే కదా.

ఒక హెచ్చరిక

మా పేపర్ వెనక్కొచ్చిన వారానికి ఇంకో మెయిల్ వచ్చింది. "మీ అద్భుతమైన పరిశోధనని మా అంతర్జాతీయ సదస్సుకి పంపండి" అని. పంపితే రెండు రోజుల్లో ఓకే చెప్పి ఫీజు కట్టమన్నారు. నిజం చెప్పాలంటే నాన్నకి ఫోన్ చేయబోయాను. ఆ ఏడాది మిరపకాయల డబ్బులు అప్పుడే చేతికొచ్చాయి. ముందు మేడంకి చూపిస్తే ఆవిడ ఒకే మాట అడిగారు. "వీళ్లు నీ పేపర్లో ఒక్క తప్పైనా చూపించారా?"

చూపించలేదు. జలపాతానికి మోటర్లు అలాగే ఉన్నాయి.

అలాంటి మెయిల్ వస్తే చూడండి: కమిటీలో పేరున్నవాళ్లు తమ సొంత పేజీల్లో ఆ సంగతి చెప్పుకున్నారా? గత సంవత్సరాల పేపర్లు నిజంగా దొరుకుతున్నాయా? మెకానికల్ నుంచి మెడిసిన్ దాకా అన్నీ తీసుకుంటామంటున్నారా? అనుమానం వస్తే డబ్బు కట్టకండి, సీనియర్లనో టీచర్లనో అడగండి.

చివరిగా

మొదటి రివ్యూలు చదివాక వారం రోజులు లాప్‌టాప్ తెరవబుద్ధి కాలేదు. ఇప్పుడు చూస్తే, మా పని మీద అంత శ్రద్ధగా చదివి రాసిన మొదటి ఉత్తరం ఆ రిజెక్షనే. వికీడేటాలో "డిఫరెంట్ ఫ్రమ్" అనే సంబంధం ఒకటుంది. ఇది అది కాదు, రెంటినీ కలపొద్దు అని దానర్థం. కొత్త డేటాలో మేం మొట్టమొదట రాసిన వాక్యం అదే: ఎత్తిపోతల జలపాతం వేరు, ఎత్తిపోతల పథకం వేరు.

రెండోసారి పేపర్ పంపేశాం. ఫలితం ఇంకా రాలేదు. ఈసారి మాత్రం పంపేముందు మామయ్యకి ఫోన్ చేసి మాచర్ల చుట్టుపక్కల వరుసలన్నీ చదివి వినిపించాను. రెండు చోట్ల "అది ఊరు కాదురా, వాగు" అన్నాడు. సరిచేశాం. పేపర్ చివర కృతజ్ఞతల్లో ఆయన్నీ తలుచుకుందాం అనుకున్నాం కానీ, పేర్లు దాచి పంపాలి కదా. తీసుకుంటే చివరి ప్రతిలో చేరుస్తాం.

మీ ఊరి పేరుకి కూడా ఇలాంటి తిరకాసు ఏదైనా ఉంటే క్లబ్బు మీటింగుకి పట్టుకురండి. వరుస కలుపుదాం.